పాత కారుకు కొత్త రేడియేటర్

పనిముట్లు కొద్దివే, పెద్ద నేర్పు కూడా అక్కరలేదు. కావలసినవి ఓపిక, కారణాన్ని వెదకే బుద్ధి.

కారు ఇంజనులో పెట్రోలు మండినప్పుడు సిలిండరులోని వాయువుల ఉష్ణోగ్రత క్షణకాలం పాటు 2,000 డిగ్రీల సెంటీగ్రేడును దాటుతుంది. పిస్టన్లను తయారుచేసే అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోతుంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే, బానెట్ కింద నిశ్శబ్దంగా పనిచేసే రేడియేటర్ విలువ తెలుస్తుంది. ఇంధనంలోని శక్తిలో స్థూలంగా మూడవ వంతు మాత్రమే బండిని నడుపుతుంది. మరొక మూడవ వంతు పొగగొట్టం గుండా పోతుంది. మిగిలిన వంతు ఇంజను గోడలకు పడుతుంది. దానిని ఎప్పటికప్పుడు నీటి ద్వారా గ్రహించి గాలిలోకి వదలిపెట్టడమే రేడియేటర్ చేసే పని. ఆ పని కొద్ది నిమిషాలు ఆగినా హెడ్ వంకరపోతుంది, గాస్కెట్ కాలిపోతుంది. ఒక్కొక్కసారి ఇంజనే పట్టివేస్తుంది.

పట్టణంలో ఉన్నవారికి ఇది పెద్ద చిక్కు కాదు. మెకానిక్కుకు కబురు చేస్తే సరిపోతుంది. కాని ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో, పూర్వపు బస్తరు సీమలో ఉన్న మద్దేడ్ వంటి ఊరి సంగతి వేరు. నిజామాబాద్, మంచిర్యాల, సిరొంచల మీదుగా వచ్చి జగదల్‌పూర్ వైపు సాగే జాతీయ రహదారిలో, భోపాలపట్నానికీ బీజాపూర్‌కూ నడుమ ఉన్నది ఈ ఊరు. తెలుగు, దోర్లీ, గోండీ, హిందీ కలగలిసి వినిపించే ప్రాంతమిది. చుట్టూ ఇంద్రావతీ పరీవాహకపు అడవులు. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఎండ. పెద్ద విడిభాగాల దుకాణం కావాలంటే తూర్పున జగదల్‌పూర్‌కో, గోదావరి దాటి నైరుతిన వరంగల్‌కో పోవలసిందే. నీరు కారుతున్న రేడియేటర్‌తో అంత దూరం బండిని నడపడమంటే ఇంజనును పణంగా పెట్టడమే. దానిని మరొక వాహనానికి కట్టి లాగించుకుని పోవాలంటే, ఒక్కొక్కసారి ఆ ఖర్చు రేడియేటర్ ధరను మించిపోవచ్చు.

అందుకే ఇటువంటి చోట ఉన్నవారు తెలుసుకోదగిన విషయం ఒకటున్నది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, తొలినాటి మారుతి 800 వంటి పాత కార్లలో రేడియేటర్ మార్చడం, ఇంటి ముంగిట ఒక ఉదయం పూట చేసుకోగలిగిన పని. అయితే పాతది విప్పి కొత్తది బిగించడం ఇందులో సగమే. పాతది ఎందుకు చెడిందో కనుగొనడం మిగిలిన సగం. ఈ రెండవ సగాన్ని విడిచిపెట్టినవారు కొత్త రేడియేటర్‌ను కూడా త్వరలోనే పోగొట్టుకుంటారు.

తేనెపట్టు పుట్టిన కథ

కార్ల తొలిరోజుల్లో రేడియేటర్ లేదు. జర్మనీలో కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మూడు చక్రాల బండిలో నీరు మరిగి ఆవిరైపోయేది. ఆగి మళ్ళీ పోసుకోవలసి వచ్చేది. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్, తన ఇద్దరు కుమారులతో కలిసి మన్‌హైమ్ నుండి ఫోర్ట్‌స్‌హైమ్‌కు సుమారు 100 కిలోమీటర్లు ఆ బండిలో ప్రయాణం చేసింది. దారి పొడవునా నీటి కోసం ఆగుతూనే ఉండవలసి వచ్చింది. ఇంధనపు గొట్టం మూసుకుపోతే తన టోపీ సూదితో పొడిచి శుభ్రం చేసుకున్నది. ప్రపంచంలో మొట్టమొదటి దూరపు కారు ప్రయాణంలోనే, బండి నడిపినవారే మరమ్మతు కూడా చేసుకున్నారన్నమాట.

ఈ చిక్కుకు చక్కని పరిష్కారం చూపినవాడు విల్‌హెల్మ్ మేబాక్. 1900 చివర తయారైన 35 అశ్వశక్తి మెర్సిడెస్ కారుకు ఆయన తేనెపట్టు ఆకారపు రేడియేటర్‌ను అమర్చాడు. అందులో చిన్న చిన్న చదరపు గొట్టాలు 8,070. గాలి ఆ గొట్టాల లోపలి నుండి, నీరు వాటి మధ్య సందుల నుండి ప్రవహించేవి. గాలి తగిలే ఉపరితలం అంతగా పెరిగినందున 9 లీటర్ల నీరే ఇంజనుకు చాలినది. నేటి రేడియేటర్‌లో నీరు గొట్టాల లోపల, గాలి వాటి చుట్టూ ఉన్న పలుచని రేకల మధ్య పోతుంది. సూత్రం మాత్రం అదే: కొద్ది నీటికి ఎక్కువ గాలిని తగిలించడం.

ఈ సూత్రమే రోగ నిర్ణయానికి కూడా ఆధారం. నీటి దారి మూసుకుపోయినా, గాలి దారి మూసుకుపోయినా, నీరు బయటికి కారినా ఇంజను వేడెక్కుతుంది. వేరు వేరు కారణాలు, లక్షణం ఒక్కటే.

దోషం నిజంగా రేడియేటర్‌దేనా?

ఇంజను వేడెక్కగానే రేడియేటర్‌ను నిందించడం పరిపాటి. డబ్బు ఖర్చు పెట్టకముందు ఈ కింది వాటిని వరుసగా పరిశీలించండి. ఇవన్నీ చల్లారిన ఇంజను మీద చేయవలసినవి.

మొదట బయటి ముఖం చూడండి. పురుగులు, గడ్డి పరకలు, ఎండిన బురద రేకల సందుల్లో ఇరుక్కుని గాలిని ఆపవచ్చు. మెత్తని కుంచెతోనూ, ఇంజను వైపు నుండి ముందుకు సన్నని ధారగా పోసిన నీటితోనూ శుభ్రం చేస్తే కొన్ని బండ్లకు అంతటితోనే జబ్బు నయమవుతుంది.

తరువాత ఫ్యాన్ బెల్టు. పొడవైన భాగం మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు అర అంగుళం లోనికి పోవాలి. అంతకంటె వదులైతే వాటర్ పంపు, ఫ్యాను రెండూ జారుతూ తిరుగుతాయి. మారుతి వంటి బండ్లలో ఫ్యాను కరెంటు మోటారుతో నడుస్తుంది. అది సమయానికి తిరుగుతున్నదో లేదో గమనించాలి.

మూడవది థర్మోస్టాట్. ఇంజను వేడెక్కేదాకా నీటిని ఆపి, తరువాత తెరుచుకునే చిన్న తలుపు ఇది. దీనిని విప్పి, దారం కట్టి, నీళ్ళ గిన్నెలో అడుగుకు తగలకుండా వేలాడదీసి పొయ్యి మీద కాచండి. సాధారణంగా 80 డిగ్రీలు దాటిన తరువాత అది తెరుచుకోవాలి. ఆ అంకె దాని మీదనే చెక్కి ఉంటుంది. నీరు మరిగినా తెరుచుకోకపోతే దోషి అదే. ఆ గిన్నెను మళ్ళీ వంటకు వాడకండి. ఉష్ణ ప్రాంతాలలో థర్మోస్టాట్‌ను తీసి పారవేస్తే ఇంజను చల్లగా ఉంటుందనే నమ్మకం ఒకటున్నది. వాస్తవానికి, కావలసిన వేడి అందని ఇంజను ఎక్కువ పెట్రోలు తాగుతుంది, త్వరగా అరుగుతుంది.

నాలుగవది హెడ్ గాస్కెట్. రేడియేటర్ నోటిలో ఆగకుండా బుడగలు వచ్చినా, ఇంజను ఆయిలు మజ్జిగ వలె తెల్లబడినా, పొగగొట్టం నుండి తెల్లని ఆవిరి ఎడతెగక వచ్చినా గాస్కెట్ పోయిందని అనుమానించాలి. అప్పుడు రేడియేటర్ ఎన్నిసార్లు మార్చినా ప్రయోజనం ఉండదు. అది మెకానిక్కుకు అప్పగించవలసిన పని.

ఇవన్నీ సరిగా ఉండి, రేడియేటర్ అడుగున తడి కనిపించినా, అతుకుల వద్ద పచ్చని చిలుము పట్టినా అక్కడ కారుతున్నట్లే. ఇంజను నడిపి ఆపి, ఫ్యాను నిలిచిన తరువాత రేకలను దూరం నుండి చేతితో ఆనవాలు పట్టండి. పైనుండి కిందికి వేడి క్రమంగా తగ్గాలి. నడుమ ఒకచోట మాత్రం చల్లగా ఉంటే, అక్కడి గొట్టాలు లోపల పూడిపోయాయన్నమాట.

మరమ్మతా, మార్పా?

పాత కార్ల రేడియేటర్లు రాగి, ఇత్తడి లోహాలతో, టంకం అతుకులతో తయారయ్యేవి. వీటికి ఒక గొప్ప గుణం ఉన్నది: విప్పవచ్చు, శుభ్రం చేయవచ్చు, మళ్ళీ అతకవచ్చు. చిన్న కారుడును టంకంతో మూయవచ్చు. పూడిన గొట్టాలలో సన్నని రేకు కడ్డీని దూర్చి చార తీసివేసే పనివారు పెద్ద పట్టణాలలో ఇప్పటికీ ఉన్నారు. ట్యాంకులు గట్టిగా ఉండి, మధ్య భాగం మాత్రమే చెడితే ఆ భాగాన్ని మార్పించవచ్చు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది కనుక, ఆ బండి గలవారు పాత ఇత్తడి ట్యాంకులను తూకానికి అమ్మకుండా దాచుకోవడం మంచిది.

తరువాతి కాలంలో వచ్చిన అల్యూమినియం రేడియేటర్లు తేలికైనవి. కాని వాటిలో చాలావాటికి ప్లాస్టిక్ ట్యాంకులు ఉంటాయి, టంకం పట్టదు. పగిలితే మార్చడమే మార్గం.

కారుతున్న రేడియేటర్‌లో పసుపు పొడి వేసే అలవాటు మన డ్రైవర్లలో ఉన్నది. దారిలో చిక్కుకున్నప్పుడు ఇల్లు చేరడానికి అది పనికిరావచ్చు. కాని చిల్లును మూసే పొడి సన్నని గొట్టాలను కూడా మూస్తుంది. అది చికిత్స కాదు.

సరుకు తెచ్చుకునే ముందు

దూరం పోయి తెచ్చుకునేవారు రెండవసారి పోవలసిన అవసరం రాకుండా చూసుకోవాలి. పాత రేడియేటర్ ఎత్తు, వెడల్పు, మందం కొలిచి రాసుకోండి. గొట్టాలు తగిలించే మూతులు ఏ వైపున ఉన్నాయో, బోల్టుల రంధ్రాల మధ్య దూరం ఎంతో బొమ్మ గీసుకోండి. ఒకే పేరుతో అమ్ముడైన కారులో కూడా పెట్రోలు ఇంజనుకూ డీజిలు ఇంజనుకూ రేడియేటర్లు వేరుగా ఉండవచ్చు.

రేడియేటర్‌తో పాటు పై గొట్టం, కింది గొట్టం, వాటి క్లిప్పులు, మూత, థర్మోస్టాట్ గాస్కెట్ కూడా కొనండి. పాత రబ్బరు గొట్టాలు వేళ్ళతో నొక్కితే పెళుసుగా ఉన్నా, మరీ మెత్తగా ఉన్నా వాటి ఆయువు తీరినట్లే. పనిముట్ల విషయంలో ఒక సంగతి గుర్తుంచుకోవాలి. బ్రిటిష్ నమూనా నుండి వచ్చిన అంబాసిడర్‌లో అంగుళాల కొలత నట్లు ఎక్కువ. ఫియట్ నమూనా నుండి వచ్చిన పద్మినికీ, మారుతికీ మిల్లీమీటర్ల కొలత స్పానర్లు కావాలి. ఒకదానికి మరొకటి వాడితే నట్టు అంచులు అరిగిపోతాయి.

కొత్తది ఇంటికి తేగానే బండికి బిగించవద్దు. పాత గొట్టం ముక్కలలో చెక్క బిరడాలు దిగ్గొట్టి మూతులకు తొడిగి, నిండా నీరు పోసి ఒక గంట ఎండిన కాగితం మీద నిలబెట్టండి. తడి కనిపిస్తే దుకాణానికి తిరిగి ఇవ్వవచ్చు. బిగించిన తరువాత తెలిస్తే శ్రమంతా వృథా.

విప్పడం

ఉదయం, ఎండ ఎక్కకముందు, రాత్రంతా చల్లారిన బండితో పని మొదలుపెట్టండి. ఈ నియమానికి మినహాయింపు లేదు. సముద్ర మట్టం వద్ద నీరు 100 డిగ్రీలకు మరుగుతుంది. కాని రేడియేటర్ మూత లోపలి పీడనాన్ని పెంచి మరిగే ఉష్ణోగ్రతను పైకి నెడుతుంది. చదరపు అంగుళానికి 7 పౌన్ల మూత ఉంటే సుమారు 110 డిగ్రీల వరకు, 15 పౌన్ల మూత ఉంటే సుమారు 120 డిగ్రీల వరకు నీరు మరగకుండా ఉంటుంది. వేడి మీద ఆ మూత తీస్తే పీడనం ఒక్కసారిగా పడిపోతుంది. నీరు ఆ క్షణంలోనే ఆవిరిగా మారి ముఖం మీదకు చిమ్ముతుంది. ముఖమూ చేతులూ ఘోరంగా కాలిపోతాయి.

చదునైన నేల మీద బండిని నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టండి. బ్యాటరీ నుండి బాడీకి పోయే తీగను విప్పండి. కరెంటు ఫ్యాను ఉన్న బండ్లలో ఇది మరీ ముఖ్యం. తరువాత మూత తీసి, అడుగున ఉన్న చిన్న కుళాయి తిప్పి నీటిని వెడల్పాటి పళ్ళెంలో పట్టండి. కుళాయి తుప్పు పట్టి కదలకపోతే కింది గొట్టం క్లిప్పును వదులు చేయండి. ఎంత నీరు వచ్చిందో కొలిచి రాసుకోండి. ఆ అంకెతో తరువాత పని ఉన్నది.

ఆ నీటిలో కూలెంటు కలిసి ఉంటే దానిని పెరట్లో పారబోయకూడదు. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. పళ్ళెం దగ్గరకు కుక్కలు, దూడలు, కోళ్ళు, పిల్లలు రాకుండా చూడండి. బావికి దూరంగా, మూత ఉన్న డబ్బాలో భద్రపరచి, పట్టణానికి పోయినప్పుడు పాత ఆయిలు తీసుకునే వర్క్‌షాపులో అప్పగించండి.

గొట్టం రాకపోతే గుంజవద్దు. ట్యాంకు మూతి పలుచనిది. విరిగితే ట్యాంకు అతుకు కూడా ఊడుతుంది. గొట్టం ఎలాగూ మార్చేదే కనుక చాకుతో నిలువుగా చీల్చి ఒలిచివేయడం మేలు. బిగింపు బోల్టులు బిగుసుకుని ఉంటే ముందు రోజు సాయంత్రమే కొద్దిగా నూనె వేసి ఉంచాలి. ఫ్యాను రెక్కలకూ రేడియేటర్‌కూ మధ్య మందపాటి అట్ట ఒకటి నిలిపి, ఒకరు పైనుండి పట్టుకోగా మరొకరు చివరి బోల్టు తీయాలి. రేడియేటర్‌ను వాల్చకుండా నిటారుగా పైకి లేపండి.

బిగించే ముందు

చాలామంది పొరబడే ఘట్టం ఇదే. పాత రేడియేటర్‌ను పూడ్చిన తుప్పు, సున్నపు చార ఇంజను లోపల ఇంకా మిగిలి ఉంటాయి. వాటిని కడగకుండా కొత్తది బిగిస్తే, ఆ మడ్డి అంతా కొత్త గొట్టాలలోకి చేరుతుంది. థర్మోస్టాట్ తీసివేసి, పై మూతి నుండి ధారాళంగా నీరు పోస్తూ, కింది గొట్టం నుండి తేటనీరు వచ్చేదాకా కడగండి. తరువాత వాటర్ పంపు ఇరుసును పట్టుకుని కదిపి చూడండి. ఊగులాడినా, అడుగున తడి మరకలు ఉన్నా దానిని ఇప్పుడే మార్చడం తెలివైన పని; దారి తెరిచి ఉన్నది గదా.

అమర్చడం, నింపడం

కొత్త రేడియేటర్‌ను అట్ట వెనుక నుండి నిదానంగా దించండి. బోల్టుల కింద ఉండవలసిన రబ్బరు వాషర్లను మరువరాదు. గతుకుల రోడ్డు కుదుపు రేడియేటర్‌కు నేరుగా తగలకుండా కాపాడేవి అవే. అన్ని బోల్టులనూ ముందు వేళ్ళతో ఎక్కించి, తరువాత ఒకదాని తరువాత ఒకటిగా కొద్దికొద్దిగా బిగించండి. ఒక పక్క ముందే పూర్తిగా బిగిస్తే చట్రం మెలి తిరిగి, కొద్ది నెలలలో అతుకు విడిపోతుంది. ఫ్యానును చేతితో ఒక చుట్టు తిప్పి, రెక్క ఎక్కడా తగలడం లేదని నిశ్చయం చేసుకోండి.

గొట్టాల లోపలి అంచులకు సబ్బు నీరు రాస్తే సులభంగా ఎక్కుతాయి. క్లిప్పు, మూతి చివర ఉన్న ఉబ్బుకు లోపలి పక్కన కూర్చోవాలి. రబ్బరు కోసుకుపోయేంత బిగింపు అక్కరలేదు.

నీటిని సన్నని ధారగా పోయండి. తొందరపడితే లోపల గాలి చిక్కుకుంటుంది. హీటరు ఉన్న బండిలో దాని మీటను వేడి వైపు తిప్పి ఉంచండి. నిండిన తరువాత బ్యాటరీ తీగ కలిపి, మూత పెట్టకుండానే ఇంజను నడపండి. ఈ సమయంలో కండువా, చీర కొంగు, వదులు చొక్కా చేతులు ఫ్యాను దరికి పోరాదు. కొంతసేపటికి పై గొట్టం ఒక్కసారిగా వేడెక్కుతుంది. థర్మోస్టాట్ తెరుచుకున్నదనడానికి అది గుర్తు. నీటి మట్టం దిగుతుంది, బుడగలు వస్తాయి. తగ్గిన మేరకు నింపి మూత బిగించండి. మూత పాతదానికి సమానమైన పీడనానిదే కావాలి. ఎక్కువ పీడనపు మూత పెడితే పాత గొట్టాలు, అతుకులు తట్టుకోలేవు.

ఇప్పుడు పోసిన నీటిని ముందు రాసుకున్న కొలతతోనూ, బండి పుస్తకంలోని కొలతతోనూ పోల్చండి. పుస్తకంలో ఉన్నదానికంటె బాగా తక్కువ పట్టితే లోపల ఇంకా గాలి ఉన్నట్లే. ఊరి చుట్టూ కొద్ది దూరం నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి, మళ్ళీ మట్టం చూడండి. మరునాడు ఉదయం క్లిప్పులను మరొకసారి బిగించండి.

ఏ నీరు పోయాలి?

రేడియేటర్ ఆయువును ఎక్కువగా నిర్ణయించేది అందులో పోసే నీరే. బావి నీటిలో, బోరు నీటిలో కరిగి ఉన్న లవణాలు వేడికి విడిపోయి, కాగు అడుగున పేరుకున్నట్లే గొట్టాలలో చారగా పేరుకుంటాయి. కారుతున్న రేడియేటర్‌లో రోజూ బావి నీరు పోయడమంటే రోజూ కొంత సున్నం పోయడమే. బ్యాటరీకి వాడే డిస్టిల్డు వాటరు ఉత్తమం. అది దొరకని చోట, వానలు బాగా కురిసే బస్తరులో, మొదటి వానలు కప్పును కడిగిన తరువాత శుభ్రమైన గుడ్డలో వడకట్టి పట్టుకున్న వాననీరు మంచి ప్రత్యామ్నాయం.

నీరు గడ్డకట్టే చలి ఇక్కడ లేదు గదా, కూలెంటు ఎందుకని అడిగేవారున్నారు. గడ్డకట్టకుండా ఆపడం దాని పనులలో ఒకటి మాత్రమే. అది నీటి మరుగు స్థానాన్ని పెంచుతుంది. అందులోని మందులు తుప్పును అడ్డుతాయి. డబ్బా మీద చెప్పిన పాళ్ళలో కలపండి. రాగి, ఇత్తడి రేడియేటర్‌కు తగినదేనా అని చూసుకోండి. ఒక రకానికి మరొక రకాన్ని కలపవద్దు.

దారిలో వేడెక్కితే

ఎంత జాగ్రత్తపడినా ఒకనాడు సూచిక ముల్లు ఎరుపులోకి పోవచ్చు. వెంటనే నీడన ఆపి, ఇంజను కట్టివేసి, బానెట్ తెరిచి కనీసం ముప్పావు గంట ఆగండి. మూత మీద చేయి నిలపగలిగినంత చల్లారిన తరువాతనే, మందపాటి గుడ్డ వేసి కొద్దికొద్దిగా తిప్పండి. కాలుతున్న ఇంజనులో చన్నీరు పోస్తే ఇనుప బ్లాకు పగిలిపోవచ్చు. అడవి దారిలో చేరవలసిన చోటు ఇక కొద్ది దూరమే అనే ఆశతో బండిని లాగించినవారే ఇంజనును ఎక్కువగా పోగొట్టుకుంటారు.

రేడియేటర్ ముందుగా చెప్పకుండా చెడేది అరుదు. రాత్రి బండి నిలిపిన చోట నేల మీద ఒక తడి మరక, వారానికోసారి పోయవలసి వస్తున్న అర లీటరు నీరు, అతుకు వద్ద పచ్చని చిలుము — ఇవన్నీ అది పంపే కబుర్లే. ప్రతి ఉదయం బండి తీయకముందు నేలను ఒకసారి, నీటి మట్టాన్ని ఒకసారి చూసే అలవాటుకు పట్టేది ఒక్క నిమిషం. వర్క్‌షాపు నూరు మైళ్ళ అవతల ఉన్నవారికి ఆ ఒక్క నిమిషం ఇంజనును నిలుపుతుంది.